పిడికిలి ముడవాలి: చికున్‌గున్యా నొప్పులకు 12 వారాల ఫిజియోథెరపీ డైరీ

సున్నా వారం, డిసెంబరు చివర

వానాకాలంలో చికున్‌గున్యా వచ్చి తగ్గి, మూడు నెలలు దాటినా కీళ్ల నొప్పులు వదలని వాళ్ల కోసం ఈ ప్రాజెక్టు. ఖమ్మం వైపు ఒక మండల కేంద్రంలో ఫిజియోథెరపీ గది. బ్యాచికి ఆరుగురు, వారానికి రెండు సెషన్లు, మొత్తం 12 వారాలు. ఈ లెక్క గాలిలోంచి తీసింది కాదు. బ్రెజిల్‌లోని రెసిఫేలో ఇలాంటి రోగులకే సాగే రబ్బరు పట్టీలతో 12 వారాల్లో 24 సెషన్లు చేయించి చూశారు. కుర్చీలోంచి లేచే సత్తువ పెరిగింది. అక్కడే పిలాటిస్ అనే వ్యాయామ పద్ధతితో చేసిన ఇంకో పరీక్షకూ ఇదే నిడివి. నిడివి మాత్రం వాళ్లది తీసుకుని, వ్యాయామాలు ఇక్కడి పనులకు తగ్గట్టు మార్చుకోవాలి. ఇక్కడి వాళ్లు నేల మీద కూర్చుని లేవాలి, బట్టలు పిండాలి, జనవరి దాటితే మిరప చేలో కాయ తెంపాలి.

జబ్బు పేరులోనే దాని గుణం ఉంది. 1952లో ఇప్పటి టాంజానియా దక్షిణాన మకొండే పీఠభూమిలో దీన్ని మొదట గుర్తించారు. అక్కడి మకొండే భాషలో ఆ మాటకు అర్థం వంగిపోయేది అని. మన దేశంలో 1963లో కోల్‌కతాలో కనబడింది. 1973 తర్వాత చాలా ఏళ్లు జాడ లేదు. 2005 చివర ఆంధ్రప్రదేశ్‌ నుంచే మళ్లీ మొదలై 2006లో దేశమంతటా 13.9 లక్షల అనుమానిత కేసులుగా లెక్కకెక్కింది. 2024లో తెలంగాణలో మళ్లీ గట్టిగానే వచ్చింది. "అప్పుడు వచ్చిందే మళ్లీ తిరగబెట్టింది సారూ" అని 2006 నాటి రోగులు కొందరు వస్తారు. అప్పట్లో రక్తపరీక్షలో తేలిన జబ్బే అయితే రెండోసారి రావడం అరుదు. వాళ్ల కీళ్లలో వేరే కారణం వెతకాలి.

ఎవరిని చేర్చుకోకూడదో ముందే రాసి గోడకు అంటించాం. జ్వరం వచ్చి మూడు నెలలు కాని వాళ్లు ఇప్పుడే వద్దు. ఒకే కీలు ఎర్రగా కాలుతూ, జ్వరం కూడా ఉంటే అది కీలులో చీము కావచ్చు, అదే రోజు పెద్దాసుపత్రికి పంపాలి. ఆరు వారాలు దాటినా నాలుగైదు కీళ్లు వాచే ఉంటే ముందు రుమటాలజిస్టు (కీళ్లవాతం డాక్టరు) చూడాలి. చికున్‌గున్యా, రుమటాయిడ్ ఆర్థరైటిస్ రెండూ రెండు చేతుల చిన్న కీళ్లనే పట్టుకుంటాయి, కంటికి ఒకేలా కనబడతాయి. రక్తపరీక్షల్లో ఆర్‌ఏ ఫ్యాక్టర్‌తో పాటు యాంటీ సీసీపీ కూడా చేయిస్తేనే తేడా కొంత తెలుస్తుంది. కన్ను ఎర్రబడి చూపు మసకైతే కంటి డాక్టరు.

ఇంకో ప్రశ్న అందరినీ అడగాలి: "ఇంజెక్షను చేయించుకున్నావా? చిన్న తెల్ల గోళీ ఏమన్నా వాడుతున్నావా?" స్టెరాయిడ్ మీద ఉన్న మనిషికి మొదటివారం వ్యాయామంతోనే నయమైనట్టు కనిపిస్తుంది. గోళీ ఆపిన వారానికి నొప్పి రెట్టింపై తిరిగొస్తుంది, నింద వ్యాయామం మీద పడుతుంది. ఆ గోళీ ఆపమనీ వాడమనీ ఫిజియోథెరపిస్టు చెప్పకూడదు. రాసుకుని డాక్టరుకు పంపాలి, అంతే. నెలల తరబడి వాడిన వాళ్లు ఒక్కసారిగా మానేస్తే ఒళ్లే కూలబడిపోతుంది.

సామాను

డయల్ ఉన్న బీపీ మిషన్ ఒకటి. స్టీలు స్కేలు, 15 సెంటీమీటర్లది. సీటు నేలకు 43 సెంటీమీటర్ల ఎత్తున్న చెక్క కుర్చీ. పసుపు, ఎరుపు, ఆకుపచ్చ రబ్బరు పట్టీలు. మైనం వేడిచేసే తొట్టి. వంటింటి డిజిటల్ థర్మామీటరు. గోధుమపిండి, త్రాసు, కొలగ్లాసు. పాత కాటన్ చీర ముక్కలు. నీళ్లు నింపి గడ్డకట్టించే అర లీటరు సీసాలు నాలుగు.

పట్టు కొలవడానికి డైనమోమీటరు కొనలేదు. బీపీ పట్టీని గుండ్రంగా చుట్టి రబ్బరుబ్యాండ్లతో బిగించి, డయల్ మీద 20 దాకా గాలి పెట్టి, రోగిని పిసకమంటే ముల్లు ఎంతదాకా వెళ్లిందో అదే రీడింగు. కీళ్లవాతం క్లినిక్కుల్లో ఎప్పటినుంచో ఉన్న పద్ధతే ఇది. పైగా ఇనుప పిడి కన్నా నొప్పిచేతికి ఇదే నయం, మెత్తగా ఉంటుంది. నొప్పిలేని చేయి చాలామందిలో 200 సులువుగా దాటించేస్తుంది. 300తో డయల్ అయిపోతుంది కాబట్టి బలమైన మగవాళ్ల చేతికి ఇది చాలదు. అయినా అలాంటి చేయి ఉన్నవాడు ఈ గదికి రాడు.

1వ వారం: కొలతలు

మొదటి రోజే రెండు తప్పులు బయటపడ్డాయి.

పట్టీ చుట్టడం ఒకటి. ఒకరు బిగుతుగా, ఇంకొకరు వదులుగా చుట్టడంతో అదే చేతికి పది నిమిషాల తేడాలో 70, 96 వచ్చాయి. ఎన్ని మడతలో లెక్కపెట్టి, చివరి మడత ఎక్కడ ఆగాలో మార్కరుతో గీత గీశాం. మోచేయి పక్కటెముకలకు ఆనించి, లంబంగా వంచి, ముంజేయి దేనికీ ఆనకుండా పట్టుకోవాలి. మూడుసార్లు పిసకమని, మధ్యలో అర నిమిషం విరామమిచ్చి, ఎక్కువ వచ్చింది రాయాలి. 20 దగ్గర ముల్లు నిలవక దిగుతుంటే మిషన్ గాలి కారుతోందని, రీడింగు తీయొద్దు.

రెండోది స్కేలు. పిడికిలి ఎంత ముడుస్తుందో తెలియడానికి వేలికొసకీ అరచేతి పైగీతకీ మధ్య ఎడం కొలుస్తాం. ప్లాస్టిక్ స్కూలు స్కేలు మీద సున్నా అంచు దగ్గర ఉండదు, నాలుగైదు మిల్లీమీటర్లు లోపల ఉంటుంది. ఎడం 1.5 సెంటీమీటర్లున్న వేలికి సెంటీమీటరే అని రాసేస్తాం. స్టీలు స్కేలుకు సున్నా అంచు మీదే ఉంటుంది. అందుకే స్టీలు.

కుర్చీ పరీక్ష: చేతులు ఛాతీ మీద కట్టుకుని 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చుంటారో లెక్క. ప్లాస్టిక్ కుర్చీ బరువుకు వంగి, కాళ్లు విచ్చుకుని, సీటు కిందికి దిగుతుంది. ప్రతిసారీ ఒకే చెక్క కుర్చీ, దాని వీపు గోడకు. చీర కుచ్చిళ్లు కాలికి అడ్డం పడకుండా ముందే దోపుకోమని చెప్పాలి.

వీటన్నిటికన్నా అక్కరకొచ్చిన కొలత మాత్రం గదిలో తీసేది కాదు. ఈ జబ్బు అసలు బిగువు పొద్దున లేచినప్పుడు ఉంటుంది. పదకొండింటికి వచ్చే మనిషి చేయి అప్పటికే వేడెక్కి, బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. "బిగువు ఎన్ని నిమిషాలుంటుంది?" అని అడిగితే "చాలాసేపు" అంటారు. అందుకని ప్రతి ఒక్కరికీ ఒక అట్ట కార్డు ఇచ్చాం, రోజుకు రెండే గడులు: లేచిన వేళ, టీ గ్లాసును ఒంటి చేత్తో పట్టుకుని తాగగలిగిన వేళ. రెంటికీ మధ్య నిమిషాలే ఆ రోజు బిగువు. అక్షరాలు రానివాళ్లకు ఇంట్లో పిల్లలు రాసిపెడతారు. స్టీలు గ్లాసు జారుతుంది, కాలుతుంది. రోజూ అదే గాజు గ్లాసు వాడమనాలి.

మొదటి వారం వ్యాయామం అంటే వేళ్లకు ఐదు భంగిమలే. చేయి చాచి ఉంచడం. వేలి మధ్య, చివరి కణుపులు మాత్రమే వంచి కొక్కెం. మొదటి కణుపుల దగ్గర మాత్రమే వంచి బల్ల. కొసలు అరచేతి అడుగుకు ఆనేలా చదును పిడికిలి. చివరికి నిండు పిడికిలి. ఒక్కో భంగిమలో మూడు సెకన్లు. ఐదూ కలిపి ఒక చుట్టు, పూటకు ఐదు చుట్లు, రోజుకు మూడు పూటలు. ముంజేతి కండరాల నుంచి వేళ్లకు వచ్చే తాళ్లు తమ తొడుగుల్లో జారడానికే ఇదంతా. చికున్‌గున్యాలో కీలు పొరతో పాటు ఈ తొడుగులూ వాస్తాయి. నిండు పిడికిలి ఒక్కటే పదేపదే చేస్తే పైతాడూ లోతాడూ కలిసే జారతాయి, వాటి మధ్య అతుకు వదలదు. కొక్కెం పెట్టినప్పుడు రెంటి మధ్యా జారుడు ఎక్కువ. అందుకే దాన్ని వదిలేయనివ్వం, అందరూ వదిలేసేది దాన్నే కాబట్టి.

రెండో చేత్తో వేళ్లను నొక్కి ముడవడం నిషేధం. ఇంట్లో వాళ్లు నూనె రాసి వేళ్లు గుంజి మెటికలు విరిస్తే ఆ పూట హాయిగానే ఉంటుంది. మర్నాడు కార్డు మీద నిమిషాలు పెరుగుతాయి.

2వ వారం: మైనం

సంక్రాంతి చలి. కార్డుల్లో 90, 110 నిమిషాలు. మైనం తొట్టి ఈ వారమే వెలిగించాం.

3.5 కిలోల ప్యారాఫిన్ మైనానికి అర కిలో లిక్విడ్ ప్యారాఫిన్. ఈ నూనె కలపడం వల్లనే మైనం తక్కువ వేడికే కరిగి ఉంటుంది. కొవ్వొత్తులు కరిగించి వాడదామని ఒక సలహా వచ్చింది. కొవ్వొత్తి కరగడానికి ఇంకా ఎక్కువ వేడి కావాలి, ఆ వేడి చర్మాన్ని కాలుస్తుంది. పొయ్యి మీద గిన్నె పెట్టి నేరుగా కాచడం అసలే వద్దు, మైనం అంటుకుంటుంది. తొట్టి లేనిచోట నీళ్లగిన్నెలో గిన్నె పెట్టాలి.

మైనం 50 నుంచి 54 డిగ్రీల మధ్య ఉండాలి. అంచుల వెంట పల్చటి తెర కట్టడం మొదలైతే దగ్గరికొచ్చినట్టే, కానీ తెరను చూసి చేయి ముంచొద్దు, థర్మామీటరు చూసి ముంచాలి. అడుగున వేడి ఎక్కువ, పైన తక్కువ. కలిపాకే కొలవాలి.

చేసే తీరు: ఉంగరాలు, గాజులు తీసేయాలి. చేయి సబ్బుతో కడిగి పూర్తిగా తుడవాలి. వేళ్లు కొద్దిగా విడదీసి ముంచి తీయాలి, పొర తెల్లబడేదాకా ఆగి మళ్లీ ముంచాలి. ఎనిమిది పొరలు. ప్లాస్టిక్ సంచి తొడిగి, పైన తువ్వాలు చుట్టి, 15 నిమిషాలు. మొదటి పొర మణికట్టు దాకా, తర్వాతివి దానికి కొంచెం కిందనే ఆగాలి. లేకపోతే పైఅంచు నుంచి వేడి మైనం పొర కిందికి దిగుతుంది.

రెండో సెషన్‌లో ఒకామెకు మంట పుట్టింది. మూడో పొర దగ్గర వేళ్లు కదిపింది, పొర పగిలింది, పగుల్లోంచి వేడి మైనం చర్మం మీదికే చేరింది. బొబ్బ లేవలేదు, ఎర్రబడి ఊరుకుంది. అప్పటినుంచి మొదటిసారి ముంచేవాళ్లకు ముందు ఉత్త గిన్నెలో చేయి కదలకుండా ముంచి తీయడం అలవాటు చేస్తున్నాం. చెమట పట్టిన చేయీ అంతే ప్రమాదం, తడి దగ్గర చర్మం చుర్రుమంటుంది.

షుగరున్న వాళ్లకు స్పర్శ చూడకుండా మైనం పెట్టకూడదు. కళ్లు మూసి, చన్నీళ్ల గ్లాసేదో గోరువెచ్చని గ్లాసేదో వేలికొసలతో చెప్పగలగాలి. చెప్పలేకపోతే మైనం లేదు. వేడిగా వాచి ఉన్న కణుపులకూ మైనం వద్దు, వాటికి గుడ్డలో చుట్టిన ఐసు పది నిమిషాలు.

ఒక మాట రాసుకోవాలి. మైనం బిగువును కాసేపు వదిలిస్తుంది, అంతే. తీసిన వెంటనే ఐదు భంగిమలు చేయిస్తేనే దానికి ఫలం. పొర ఒలిచేసి ముచ్చట్లు పెట్టుకుంటే ఇరవై నిమిషాల్లో మొదటికే వస్తుంది. ఇంటి దగ్గర మైనం అక్కర్లేదు. పొద్దున వేణ్నీళ్ల బకెట్లో, మోచేయి ఓర్చుకునే వెచ్చదనంలో పది నిమిషాలు చేతులుంచి, నీళ్లలోనే భంగిమలు చేస్తే సరిపోతుంది.

3, 4 వారాలు: పట్టీ పట్టుకోలేని చేతులు

భుజాలు, మోచేతులు, మోకాళ్లకు రబ్బరు పట్టీ పని మొదలు. పసుపు పట్టీ, తన పొడవుకు రెట్టింపు సాగదీస్తే సుమారు 1.3 కిలోల బలం ఇస్తుంది. కాగితం మీద బాగుంది. గదిలో మాత్రం ఎవరూ పది దాకా చేయలేకపోయారు. భుజం అలిసి కాదు, పట్టీని వేళ్లకు చుట్టి పట్టుకోవడానికే వేళ్లు ఓర్వలేక. భుజానికి పెట్టిన వ్యాయామం మొత్తం వేలి కణుపుల మీద పడింది.

దీనికి మందు పాత చీర ముక్క. నాలుగు వేళ్ల వెడల్పుకు మడిచి మణికట్టు చుట్టూ మెత్తగా ఉచ్చు కుట్టి, పట్టీని ఆ ఉచ్చుకే ముడివేయాలి. పిడికిలి ఖాళీగా ఉంటుంది. కాలికైతే చీలమండ మీద అదే ఉచ్చు. ఇలా మార్చిన రోజే అందరూ పదికి పది చేశారు. వేలి బలం సంగతి వేరే చూసుకోవాలి, భుజం వ్యాయామంలో కలపకూడదు.

వేలి బలానికి గోధుమపిండి. వేళ్ల వ్యాయామానికి మార్కెట్లో దొరికే పుట్టీ ముద్ద ఖరీదు, పైగా ఇంట్లో ఉండదు. 200 గ్రాముల పిండికి 120 మిల్లీలీటర్ల నీళ్లు పోస్తే మెత్తటి ముద్ద. 110 పోస్తే చపాతీ పిండి. 100 పోస్తే పూరీ పిండి, గట్టిది. తడిపి అరగంట నానాకే వాడాలి, వెంటనే పిసికితే ఇంకా గట్టిగా ఉంటుంది. మొదటి రెండు వారాలు 120, తర్వాత 110, తొమ్మిదో వారం నుంచి 100. పిండి మిల్లును బట్టి పది మిల్లీలీటర్లు అటూ ఇటూ అవుతుంది కాబట్టి ఒకే పిండి వాడాలి. ముద్దను నిండు పిడికిలితో నొక్కడం పది, బొటనవేలికీ ఒక్కో వేలికీ మధ్య గిల్లడం ఐదైదు, వేళ్లచుట్టూ ఉంగరంలా పెట్టి వేళ్లు విప్పడం పది. విప్పడం మరిచిపోవద్దు. పట్టే కండరాలకు రోజంతా పని ఉంటుంది, విప్పేవాటికి ఉండదు. పిసికిన ముద్ద ఆవుకు.

మోతాదుకు ఇప్పటికి కుదిరిన నియమం ఇది. చేస్తున్నప్పుడు నొప్పి పదికి నాలుగు దాటకూడదు. పడుకునే వేళకు మొదలుపెట్టినప్పటి స్థాయికి దిగాలి. మర్నాడు టీ గ్లాసు వేళ, అంతకుముందు మూడు రోజుల సగటు కన్నా 15 నిమిషాలకు మించి ఆలస్యం కాకూడదు. జరిగితే లెక్క సగానికి తగ్గించాలి, మానేయకూడదు. వరసగా రెండు రోజులు జరిగితే రెండు రోజులు ఐదు భంగిమలు మాత్రమే. నొప్పి ఉందని పూర్తిగా పడుకున్న వాళ్ల కార్డులూ, పట్టుదలగా రెట్టింపు చేసిన వాళ్ల కార్డులూ నాలుగో వారం చివర పక్కపక్కన పెడితే ఒకేలా ఉన్నాయి. రెండిట్లోనూ నిమిషాలు దిగలేదు.

నొప్పి కాక నీరసం ప్రధానంగా ఉన్నవాళ్లది వేరే దారి. చేసిన రోజు బాగానే ఉండి, మర్నాడో ఎల్లుండో మంచం మీంచి లేవలేకపోతే, అది కండరం అలిసిన నొప్పి కాదు. కోవిడ్ తర్వాత మిగిలిపోయిన లక్షణాల్లో కూడా ఇదే కనిపించి, 2021లో ప్రపంచ ఫిజియోథెరపీ సమాఖ్య ఇలాంటి వాళ్లకు మోతాదు పెంచుకుంటూ పోవద్దని హెచ్చరించింది. వాళ్లకు పట్టీలు ఆపేసి, రోజుపనిని ముక్కలు చేసి మధ్యలో పడుకోవడం నేర్పుతున్నాం. ఈ బ్యాచిలో అలాంటి వాళ్లు ఉన్నారు, వాళ్లను మిగతావాళ్లతో పోల్చడం లేదు.

5వ వారం: సోమవారం కార్డులు

రెండు వారాలుగా సోమవారం కార్డుల్లో నిమిషాలు ఎక్కువగా కనిపిస్తున్నాయి. సెషన్లు మంగళ, శుక్రవారాలు, కాబట్టి తప్పు సెషన్‌ది కాదు. అడిగితే తేలింది: ఆదివారం దుప్పట్లు ఉతకడం.

పిండేటప్పుడు మణికట్లు రెండూ ఎదురుదిక్కులకు తిరుగుతాయి, బొటనవేలు బలంగా అదిమి ఉంటుంది. బొటనవేలి మొదట్లో, మణికట్టు పక్కన నొప్పి వచ్చేవాళ్లకు ఇంతకన్నా చెడ్డ పని లేదు. పరీక్ష సులువే: బొటనవేలిని పిడికిలి లోపల పెట్టి మణికట్టును చిటికెనవేలి వైపు వంచమంటే చుక్కలు కనిపిస్తాయి. అక్కడి తాడు తొడుగు వాచిందని అర్థం. వాళ్లకు బొటనవేలిని కదలనివ్వని కట్టు పని వేళల్లో మాత్రమే, రోజంతా కాదు. రోజంతా కడితే వేలు బిగుసుకుంటుంది.

దుప్పటిని పిండొద్దు అంటే ఎవరూ వినరు. పిండే పద్ధతి మారిస్తే వింటారు: దండెం మీద మడిచి వేసి నీళ్లు కారనివ్వాలి, కాసేపటికి కింది అంచును రెండు అరచేతుల మధ్య నొక్కాలి. ఆరడానికి ఒక పూట ఎక్కువ పడుతుంది, అంతే. బిందెను నడుం మీద పెట్టి వేళ్లతో మూతి పట్టుకోకుండా ముంజేతితో చుట్టి పట్టుకోవాలి. పప్పుగుత్తి, అట్లకాడ పిడికి పాత గుడ్డ చుట్టి లావు చేస్తే పట్టుకోవడానికి బలం తక్కువ సరిపోతుంది. ఇవన్నీ వ్యాయామం కన్నా చిన్నవిగా కనిపిస్తాయి. తర్వాతి సోమవారం కార్డుల్లో వీటి ఫలితమే ముందు తెలిసింది.

రాత్రిళ్లు బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు తిమ్మిరెక్కి నిద్ర లేపుతున్నాయని ఒక దర్జీ చెప్పాడు. వాపు మణికట్టు సొరంగంలో నరాన్ని నొక్కడం ఈ జబ్బులో మామూలే. మణికట్టు తిన్నగా ఉండే కట్టు రాత్రికి ఇచ్చాం. బొటనవేలి మొదట కండ చదునుబడుతుంటే మాత్రం ఆగకుండా డాక్టరుకు చూపించాలి.

6, 7, 8 వారాలు: మిరప

ఫిబ్రవరి. ఏరుడు మొదలైంది, బ్యాచిలో సగం మంది లేరు. పొద్దున చలిలో, బిగువు వదలకముందే చేలో దిగుతున్నారు. మిరపకాయను తొడిమతో సహా బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి పైకి వంచి తెంపాలి. గంటల తరబడి అదే గిల్లుడు. నాలుగో వారంలో పిండిముద్దతో నేర్పిందే, కాకపోతే ఐదు కాదు, వేలసార్లు.

సెషన్లు సాయంత్రం ఆరున్నరకు మార్చాం, అదీ వారానికి ఒకటే, రెండోది ఫోనులో. వ్యాయామాల్లో గిల్లుడు పూర్తిగా తీసేశాం. చేలో చాలినంత అవుతోంది. బదులుగా వేళ్లు విప్పేది, మణికట్టు పైకెత్తేది, భుజం పట్టీ. చేలో ఉన్నవాళ్లకు రెండే మాటలు: గంటకోసారి రెండు నిమిషాలు ఐదు భంగిమలు, ప్రతి సాలుకూ చేయి మార్చడం. ఎడమచేత్తో తెంపితే నెమ్మది, కూలి కిలోల లెక్కన ఇస్తారు కాబట్టి ఇష్టపడరు. పూర్తిగా మార్చకపోయినా, మధ్యాహ్నం తర్వాత మారిస్తే చాలన్నాం. అది నడిచింది.

చేతులకు అంటిన కారంతో మైనం తొట్టిలో ముంచితే తర్వాతి రోగికి మంట. సున్నిపిండితో రుద్దుకుని, కొబ్బరినూనె రాసి, మళ్లీ సబ్బుతో కడిగాకే తొట్టి దగ్గరికి. ఒకసారి ఇది తప్పి నాలుగు కిలోల మైనం పారబోయాల్సి వచ్చింది.

పట్టీల సంగతి: రెండు పసుపు పట్టీలు తెగాయి. ఒకటి కిటికీ ఎండలో ఆరేసినందుకు, రెండోది ముడి దగ్గర గోరు గాటు పడినందుకు. తెగిన పట్టీ ముఖం మీదికే వస్తుంది. ప్రతి సెషన్ ముందు వెలుతురుకు ఎత్తి సాగదీసి చూడాలి, సూది మొనంత చిల్లు కనబడినా తీసేయాలి. టాల్కం పౌడరు చల్లి డబ్బాలో చీకట్లో పెడితే ఎక్కువ రోజులొస్తాయి.

9, 10 వారాలు: మడమ

చేతులు కాస్త దారికొచ్చాక కాళ్ల ఫిర్యాదులు పైకొచ్చాయి. మంచం దిగి మొదటి అడుగు వేస్తే మడమలో మేకు దిగినట్టుంటుంది. మంచం దిగకముందే తువ్వాలును పాదం కింద వేసి వేళ్లను తన వైపు లాక్కుని 30 సెకన్లు, మూడుసార్లు. ఇంట్లో ఉత్తికాళ్లతో బండల మీద నడక ఆపాలి. గడప లోపల చెప్పులా అని పెద్దవాళ్లు ఒప్పుకోరు. బయట తిరగని కొత్త జత ఒకటి ఇంటి కోసమే కొని మంచం పక్కన పెట్టమంటే ఒప్పుకున్నారు. సాయంత్రం గడ్డకట్టిన సీసాను అరికాలి కింద ఐదు నిమిషాలు దొర్లించడం.

ఫలితం నిలబెట్టే పని వేరే: మెట్టు మీద కాలివేళ్ల కింద చుట్టిన తువ్వాలు పెట్టి, మూడు సెకన్లలో మడమ ఎత్తి, రెండు సెకన్లు ఆపి, మూడు సెకన్లలో దించడం. రోజు విడిచి రోజు. మొదట రెండు కాళ్ల మీద, నొప్పి నాలుగు లోపలే ఉంటే ఒంటికాలి మీద. తొందరపడి దబదబా చేస్తే ఏమీ రాదు, కాబట్టి అంకెలు బయటికి లెక్కపెట్టిస్తున్నాం.

కింద కూర్చుని లేవడం దశలుగా. 43 సెంటీమీటర్ల కుర్చీ, తర్వాత 30 సెంటీమీటర్ల స్టూలు, తర్వాత పీట, చివరికి నేల. ఒక్కో దశలో పదిసార్లు చేతి ఊతం లేకుండా వస్తేనే కిందికి. లేచేటప్పుడు నేలకు అరచేయి ఆనిస్తే మణికట్టు వెనక్కి విరిగి నొప్పి. పిడికిలి ఆనించాలి, లేదా ఒక మోకాలి మీద ముంజేయి పెట్టి లేవాలి.

11, 12 వారాలు

మూడిట్లో గట్టిదైన ఆకుపచ్చ పట్టీ దాకా వచ్చిన వాళ్లు మోకాలి, భుజం వ్యాయామాలు పన్నెండేసి మూడు విడతలు చేస్తున్నారు. చేతికి అందరూ పూరీ పిండి దాకా రాలేదు. రానవసరం లేదు కూడా, 110 దగ్గర ఆగిపోయిన చేతులతో చపాతీ ఒత్తగలుగుతున్నారు.

దర్జీ కుడిచేతి కాగితం ఇక్కడ దించి పెడుతున్నాం, ఇలాంటిది ఎలా చదవాలో చూపడానికి. మొదటి వారం పట్టు 64, నడిమివేలి ఎడం 2.2 సెంటీమీటర్లు, టీ గ్లాసు 95 నిమిషాలు. ఆరో వారం 88, 1.4, 60. పన్నెండో వారం 118, 0.6, 25. ఎనిమిదో వారంలో పట్టు 80కి పడింది. పెళ్లి జాకెట్లు వచ్చి రాత్రింబవళ్లు కత్తెర పట్టాడు, ఎడం మాత్రం పెరగలేదు. పట్టు తగ్గి ఎడం అలాగే ఉంటే అలసట, పని తగ్గిస్తే తిరిగొస్తుంది. రెండూ కలిసి చెడితే కీలు మళ్లీ వాచిందని, కణుపులు నొక్కి చూడాలి, డాక్టరుకు చెప్పాలి. మార్చి ఎండలు ముదిరాక బిగువు దానంతటదే కొంత తగ్గుతుంది. అందుకని పన్నెండో వారం నిమిషాలు తగ్గడాన్ని మొత్తం వ్యాయామం ఖాతాలో వేయడం లేదు.

వచ్చే బ్యాచికి మార్పులు: ఆదివారం ఉతుకుడు సంగతి మొదటి రోజే అడగాలి. మణికట్టు ఉచ్చులు ముందే డజను కుట్టించాలి. మిరప ఏరుడు మొదలవకముందే ఎనిమిది వారాలు పూర్తయ్యేలా డిసెంబరు మొదట్లోనే ప్రారంభించాలి, అంటే మూడు నెలలు నిండిన వాళ్ల జాబితా నవంబరు చివరికి తయారు కావాలి. బీపీ పట్టీ మీద గీత మాసిపోయింది, మళ్లీ గీయాలి.